చరాల నిర్వచనం: బోరబండ నుంచి ఒక ఉదాహరణ

బోరబండ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్లే ఉద్యోగుల ప్రయాణ సమయం వారి పని సంతృప్తిపై ప్రభావం చూపుతుందా? ఇదే పరిశోధన ప్రశ్న అనుకుందాం. ప్రయాణ సమయం స్వతంత్ర చరం. పని సంతృప్తి పరతంత్ర చరం. మధ్యలో పనిచేసే అలసట మధ్యస్థ చరం.

అసలు చిక్కు కొలతలో ఉంది. ప్రయాణ సమయమంటే రైల్లో కూర్చున్నంత సేపేనా? బోరబండ, హైటెక్ సిటీ పక్కపక్క స్టేషన్లు కాబట్టి ఆ కొద్ది నిమిషాలు అందరికీ దాదాపు ఒకటే. మారనిది చరం ఎలా అవుతుంది? ఇంటి గడప నుంచి ఆఫీసు గేటు దాకా నడక, ప్లాట్‌ఫాం మీద నిరీక్షణ, షేర్ ఆటో కలిపి నిమిషాల్లో లెక్కిస్తేనే తేడాలు బయటపడతాయి. ఇలా కొలిచే పద్ధతితో సహా చెప్పేదే కార్యాత్మక నిర్వచనం. 1927లో ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చింది భౌతిక శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్.

కార్యాత్మక నిర్వచనానికి పరీక్షల్లో అడగదగిన మరో ఉదాహరణ జనగణనది. 2011 లెక్కల్లో అక్షరాస్యులంటే 7 ఏళ్లు లేదా ఆపై వయసు ఉండి, ఏదో ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవారు. చదవడం మాత్రమే వస్తే లెక్కలోకి రారు. 1981 వరకు వయోపరిమితి 5 ఏళ్లు, 1991లో మార్చారు. అందుకే పాత, కొత్త శాతాలను నేరుగా పోల్చకూడదు.