బంతి లేని చోట: సెంటర్ ఫార్వర్డ్ కదలికపై ఒక పరిశీలన

గత సంవత్సరము అంతర కళాశాల పోటీలలో మన జట్టు 1–0 తేడాతో ఓడిన సాయంకాలము, గేటు ఎదుటి చాయ్ హోటలులో జరిగిన వాదమును నేను మూల బల్లవద్ద కూర్చుండి ఆసాంతము విన్నాను. మన విద్యార్థులు సగము తెలుగులోను, సగము ఉర్దూలోను వాదించినారు. “నంబర్ తొమ్మిది షర్టు వేసుకొని హాఫ్‌బ్యాకుల మధ్య ఏం పని భాయ్? గోల్ ముందట ఎవరుండాలె?” అని ఒకరు. “వాని ఫారం పోయింది. నాలుగు మ్యాచులాయె, ఒక్క గోల్ లేదు” అని మరియొకరు. మూడవవాడు తప్పంతయు ఆటపద్ధతిదేనని బల్ల చరిచినాడు. నిందకు గురియైన విద్యార్థి అదే హోటలులో గోడవైపు కూర్చుండియున్న సంగతి వారెవరును గమనింపలేదు. అతడు చాయ్ సగము విడిచి లేచిపోయినాడు. మరుసటి వారము జట్టునుండి తన పేరు తొలగింపవలసినదని క్రీడాసంఘమునకు కాగితము వ్రాసినాడు.

ఆ కాగితముపై ఇంకను నిర్ణయము కాలేదు. కావున నాటి వాదములోని అంశములను తాపీగా పరిశీలించుట విద్యార్థులకును, సంఘ సభ్యులకును అవసరమని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొన్నాను.

ముందుగా ఫారం మాట. సగటున రెండు ఆటలలో ఒకదాన గోల్ చేయు ఫార్వర్డ్ మంచి ఫార్వర్డ్ అనియే అందరును ఒప్పుకొందురు. అట్టివాని ప్రతి ఆటను ఒక నాణెము ఎగురవేయుటగా భావింతము. వరుసగా నాలుగుమారులు బొరుసు పడుటకు గల అవకాశము పదునారింట ఒకటి. ఏటా ఇరువది, ముప్పది ఆటలు ఆడువానికి ఇట్టి వరుస ఎప్పుడో ఒకప్పుడు తటస్థించుట వింత కాదు. అతని ఆట ఏ మాత్రము క్షీణింపకయే ఇది జరుగవచ్చును. క్రికెట్‌లో పరుగులు వందలుగా వచ్చును గనుక అంకెలు కొంత నిజము చెప్పును. ఫుట్‌బాల్‌లో గోల్ అరుదైన వస్తువు. నాలుగు ఆటల లెక్కతో ఒక యువకుని తూచుట గణితశాఖవారు కూడ అంగీకరింపని పని. నాటి వాదములో ముగ్గురు గణిత విద్యార్థులే ఉన్నారని ఇక్కడ చెప్పక తప్పదు.

అసలు ప్రశ్న రెండవది. గోల్ ముందు ఉండవలసినవాడు వెనుకకు ఎందుకు రావలెను? దీనికి సమాధానము కొరకు 1925 వరకు వెళ్ళవలెను. అంతకుముందు ఆఫ్‌సైడ్ కాకుండుటకు ఆటగాని ముందు ఎదుటిపక్షమువారు ముగ్గురుండవలెను. ఆ యేట నిబంధన మారి ఇద్దరైనారు. ఫార్వర్డులకు స్వేచ్ఛ పెరుగగా, దానికి విరుగుడుగా ఆర్సెనల్ జట్టు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనుకకు లాగి ఇద్దరు ఫుల్‌బ్యాకుల నడుమ నిలిపినాడు. అతడే స్టాపర్. డబ్ల్యూ-ఎం అను పద్ధతి ఇట్లు స్థిరపడినది. అందు స్టాపర్ పని ఒక్కటే: ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను నీడవలె వెంబడించుట. కాపలా ఒక మనిషికి అంటిపెట్టుకొని యుండినది గాని స్థలమునకు కాదు. లోపమంతయు అందే దాగియున్నది.

ఆ లోపమును లోకమునకు చూపినవారు హంగరీవారు. 1953 నవంబరు 25న లండన్ వెంబ్లీ మైదానములో ఇంగ్లండు 6–3 తేడాతో వారి చేతిలో ఓడినది. ఐరోపా ఖండమునకు చెందిన జట్టు ఇంగ్లండును దాని స్వంత గడ్డపై ఓడించుట అదియే మొదటిసారి. తొమ్మిదవ నంబరు ధరించిన నాండోర్ హిడెగ్‌కుటి మూడు గోల్‌లు చేసినాడు. మొదటిది ఆట మొదలైన నిమిషములోపలనే. అయితే ఆ మూడు గోల్‌లకంటె అతడు నిలిచిన చోటు ముఖ్యము. అతడు ముందువరుసను విడిచి మైదానము నడిమికి వచ్చి బంతిని అందుకొనుచుండెను. ఇంగ్లండు స్టాపర్ హారీ జాన్‌స్టన్‌కు రెండే దారులు. వెంట పోయినచో గోల్ ముందు ఖాళీ ఏర్పడును. పోక నిలిచినచో హిడెగ్‌కుటి నిరాటంకముగా తలయెత్తి చూచి బంతిని పంచును. రెండును నష్టమే. ఆ ఖాళీలోనికి ఇరువైపులనుండి పుష్కాస్, కొచిష్ పరుగెత్తుచుండిరి. మరుసటి సంవత్సరము మే 23న బుడాపెస్టులో ఇంగ్లండు మరల ఎదిరించి 7–1 తేడాతో ఓడినది. ఆరు మాసములలో విరుగుడు దొరకలేదు. ఇదే హంగరీ 1954 ప్రపంచ కప్ తుది పోటీలో పశ్చిమ జర్మనీ చేతిలో 3–2 తేడాతో ఓడిపోవుట వేరు సంగతి. ఏ పద్ధతియు గెలుపునకు హామీపత్రము కాదు.

ఇది క్రొత్త వింత అని మన విద్యార్థులు అనుకొనుట చూచి నాకు నవ్వు వచ్చినది. 2009 మే 2న మెస్సీని నడుమకు మార్చి బార్సిలోనా జట్టు రియల్ మాడ్రిడ్‌ను 6–2 తేడాతో ఓడించిన ఆటను వారు ఫోనులో పలుమారులు చూచినారు. దానికి ఫాల్స్ నైన్ అను పేరును ఎరుగుదురు. ఆనాడు కన్నవారో, మెట్సెల్డర్‌ల ఎదుట నిలిచినది జాన్‌స్టన్‌ను వేధించిన ప్రశ్నయే.

ఇంత దూరము పోవుటయు అనవసరము. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు, ఉస్మానియాలో చదివినవాడు, వృత్తిచేత పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్స్ కప్ గెలిచినది. బంతిని నేలపైననే ఉంచి చిన్న చిన్న పాసులతో సాగుట ఆయన బోధ. బంతిని ఒంటరిగా తీసికొనిపోవుటను నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే తన్నవలెనను పోటీలను ఆయన నడిపించినాడు. 1958లో బ్రెజిల్ ప్రసిద్ధము చేసిన 4-2-4 పద్ధతి వంటి కూర్పును అంతకుముందే భారత జట్టులో ప్రవేశపెట్టినాడని క్రీడాచరిత్రకారులు వ్రాసినారు. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిన దేశము, 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరినది. ఆసియానుండి ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి జట్టు అదియే. ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా మూడు గోల్‌లు చేసినాడు.

మన చర్చకు మరింత దగ్గరైన ఉదాహరణ 1962 జకార్తా ఆసియా క్రీడలు. వెనుక వరుసకు స్తంభము వంటి జర్నైల్ సింగ్‌కు థాయిలాండుతో ఆటలో తల పగిలి కుట్లు పడినవి. రహీం అతనిని ఇంటికి పంపలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపినాడు. జర్నైల్ సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై ఒక గోల్, సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో తుది పోటీలో మరియొక గోల్ చేసినాడు. ప్రేక్షకులందరును వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా భారతదేశము 2–1 తేడాతో స్వర్ణపతకము గెలిచినది. ఆ జట్టులో సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఉండినాడు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుచుండెను. 1963 జూన్‌లో మరణించినాడు. షర్టు మీది అంకెను బట్టి గాక, ఎదుటివారికి ఎట్టి చిక్కు కలుగునో దానిని బట్టి ఆయన మనిషిని నిలిపినాడు. ఇట్టివాడు తిరిగిన నగరములో సెంటర్ ఫార్వర్డ్ వెనుకకు వచ్చుటను పిరికితనమని పిలుచుచున్నారే అని నాకు కష్టము కలిగినది.

ఇప్పుడు మన ఆటకు వత్తును. ఆనాడు నేను టచ్‌లైన్ ప్రక్కన గాక ఎదుటి గోల్ వెనుక నిలిచినాను. కదలికలు అక్కడినుండియే బాగుగా తెలియును. మన కుర్రవాడు వెనుకకు వచ్చిన ప్రతిమారును వారి స్టాపర్ అతని వెంట వచ్చినాడు. గోల్ ముందు పదునైదు గజముల ఖాళీ నా కన్నుల ఎదుట తెరుచుకొన్నది. ఆ ఖాళీలోనికి పరుగెత్తవలసిన మన ఇన్‌సైడ్ ఫార్వర్డులిద్దరును పాదముల వద్దకే బంతి రావలెనని చేతులు చాచి నిలుచుండినారు. పుష్కాస్, కొచిష్ నిలబడియుండినచో హిడెగ్‌కుటిని కూడ ఆనాటి పత్రికలు సోమరి యనియే వ్రాసియుండెడివి. తలుపు తెరిచినవాడు నింద మోసినాడు. లోనికి పోనివారు చాయ్ త్రాగుచు ఆ నిందను మోపినారు.

అయితే ఆ విద్యార్థిది దోషమేమియు లేదని నేను అనను. రెండవ సగములో ఎడమప్రక్కనుండి బంతులు గోల్ ముందుకు వచ్చుచున్నప్పుడు కూడ అతడు నడుమనే ఆగిపోయినాడు. వెనుకకు వచ్చువాడు తిరిగి పెట్టెలోనికి ఎప్పుడు పోవలెనో నేర్వవలెను. హిడెగ్‌కుటి మూడు గోల్‌లు దూరమునుండి చూచుచు చేసినవి కావు. ఇది అభ్యాసముతో కుదురు లోపము. పేరు కొట్టివేయుటతో కుదురదు.

క్రీడాసంఘమువారికి నా విన్నపము ఒకటే. ఆ కాగితముపై నిర్ణయమునకు ముందు రెండు అభ్యాసపు ఆటలు ఆడింపుడు. హోటలులో వాదించిన మువ్వురు విద్యార్థులను పలకయు, సుద్దముక్కయు ఇచ్చి గోల్ వెనుక కూర్చుండబెట్టుడు. బంతిని చూడవలదని, తొమ్మిదవ నంబరు వెనుకకు వచ్చినప్పుడెల్ల స్టాపర్ ఎటు పోయినాడో, ఆ ఖాళీలోనికి మనవారు ఎవరు పరుగెత్తిరో గీతలు మాత్రమే గీయవలెనని చెప్పుడు. వారిలో ఇద్దరు ఇందుకు అంగీకరించినారు. మూడవవాడు, బల్ల చరిచినవాడు, తాను గీతలు గీయనని, ఇన్‌సైడ్ రైట్‌గా తానే దిగెదనని చెప్పినాడు. శనివారము సాయంకాలము నాలుగు గంటలకు మైదానము ఖాళీగా ఉన్నది. ఆ కుర్రవానికి కబురు పంపినాను. బూట్లు తెచ్చుకొనుమని కూడ చెప్పించినాను.