గాదంకి రాడార్ నుంచి చెనక్కాయ చేను దాకా: వాతావరణ రంగంలో కొలువులు

పూతలపట్టు నుంచి నాయుడుపేట వైపు వెళ్లే జాతీయ రహదారి మీద, పాకాల దాటాక గాదంకి వస్తుంది. అక్కడి టోల్‌ప్లాజా అందరికీ తెలుసు. ఆ ఊళ్లోనే అంతరిక్ష శాఖ కింద నడిచే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఎన్‌ఏఆర్‌ఎల్, ఉందని మాత్రం మన డిగ్రీ పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా అది మనలాంటివాళ్లకు కాదులే అనుకుని ముందుకు పోతారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

1992లో ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రంగా మొదలైన ఈ సంస్థకు 2005లో ఇప్పటి పేరు వచ్చింది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 1024 యాంటెనాలు నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతారు. మబ్బు లేకపోయినా గాలిలోని సుడుల నుంచి సన్నటి ప్రతిధ్వని తిరిగొస్తుంది. దాని పౌనఃపున్యంలో వచ్చిన తేడాను బట్టి పైగాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతారు. శ్రీహరికోటలో రాకెట్ ఎగరాలంటే ఈ పైగాలుల సమాచారం కావాలి. ఇక్కడ జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరడానికి ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా వాతావరణ శాస్త్రంతో పాటు నెట్, గేట్, జెస్ట్ వంటి పరీక్షల్లో అర్హత అడుగుతుంటారు. కచ్చితమైన అర్హతలను ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి.

అయితే పరిశోధన ఒక్కటే దారి కాదు. నా దృష్టిలో అసలు కొరత రాడార్ దగ్గర లేదు; రాడార్‌కూ రైతుకూ మధ్య ఉంది. మన మెట్ట రైతుకు కావలసింది గాలి వేగం కాదు, విత్తనం ఎప్పుడు వెయ్యాలన్న మాట. జూన్‌లో ఒక వాన పడగానే పదును దొరికిందని చెనక్కాయ విత్తుతాడు. తర్వాత మూడు వారాలు ఎండబెడితే విత్తనం, ఎరువు, కూలి అన్నీ పోతాయి. అదునుకు మొలిచినా, ఊడలు దిగే దశలో వాన మొహం చాటేస్తే కాయ నిలవదు. మామిడి తోటల్లో పూత మీద మబ్బు, మంచు పట్టినప్పుడు తేనెమంచు పురుగు, బూడిద తెగులు భయం. ఈ ఒక్కో నిర్ణయానికీ పనికొచ్చేలా సూచన తయారుచేసే మనిషి కావాలి.

2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఈ ప్రయత్నమే చేశాయి. పాత వర్షపాత లెక్కలనూ ముందస్తు అంచనాలనూ కలిపి, తొందరపడి విత్తవద్దని, జూన్ నెలాఖరు దాకా ఆగమని 175 మంది చెనక్కాయ రైతులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపారు. సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఆ నాలుగు ముక్కల సందేశం వెనుక గణాంకం తెలిసినవాడు, కంప్యూటర్ తెలిసినవాడు, పంట తెలిసినవాడు ముగ్గురూ ఉన్నారు.

బీయస్సీ అగ్రికల్చర్ చదివినవాళ్లకు దగ్గరి దారి, గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాల్లో సలహాలు రాసే కేంద్రాలు. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. జిల్లా స్థాయిలో తెరిచిన అలాంటి 199 కేంద్రాలను 2024లో మూసేశారు. ప్రాజెక్టు కొలువులు అలాగే ఉంటాయి, వాటిని మాత్రమే నమ్ముకోవద్దు. పర్మనెంట్ ఉద్యోగం కావాలంటే వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులపై కన్నేయండి. ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా బీయస్సీ, లేదా కంప్యూటర్ సైన్స్ డిగ్రీ, లేదా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు పిలిచింది. ఏటా రాదు: 2017లో వచ్చింది, మళ్లీ 2022లో 990 పోస్టులతో వచ్చింది. పంట బీమా కంపెనీలు, ప్రైవేటు వాతావరణ సంస్థలు, పవన, సౌర విద్యుత్ సంస్థలకు కూడా ఈ లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. పై చదువుకు విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో మెటియోరాలజీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సముద్ర, వాతావరణ శాస్త్రాలు ఉన్నాయి.

ఏ డిగ్రీ అయినా పైథాన్, గణాంకం, మ్యాపులపై పనిచేసే జీఐఎస్ నేర్చుకోండి. తెలుగులో తేటగా రాయడం కూడా ఈ రంగంలో అర్హతే. ‘60 శాతం వాన అవకాశం’ అన్నది రైతుకు అర్థమయ్యేలా, లేని భరోసా ఇవ్వకుండా చెప్పగలవాళ్లు అరుదు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఒక పని సూచిస్తాను. వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని సుమారు పాతిక కిలోమీటర్ల గళ్లుగా ఉచితంగా ఇస్తోంది. మీ మండలం మీది గడి తీసుకుని, జూన్‌లో మొదటి మంచి వాన తర్వాత ఎన్నేళ్లు రెండు వారాల ఎండ పట్టిందో లెక్కపెట్టండి. దాన్ని మండల వర్షమాపకం లెక్కలతో పోల్చండి. ఒక ఊళ్లో కురిసి పక్క ఊళ్లో కురవని వాన ఆ గడిలో కనిపించదు, ఎంత తేడా వచ్చిందో కూడా రాయండి. ఆ నాలుగు పేజీలు పట్టుకుని తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లండి. నారాయణి, ధరణి చెనక్కాయ రకాలు అక్కడివే. విత్తే తేదీల గురించి అక్కడి శాస్త్రవేత్తలను మీరు అడగబోయే ప్రశ్నలు ఆ పేజీల్లోంచే పుడతాయి.