ఎవరూ తీయనిది తియ్యి



ఉద్యోగం మానేసి డాక్యుమెంటరీలు తీస్తానన్నావని మీ అమ్మకి ఒకటే దిగులు. నేను వద్దనను. నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ అబిగైల్ డిస్నీ గురించే రెండు మాటలు రాస్తాను, విను.

ఆవిడ డిస్నీ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన రాయ్ డిస్నీ మనవరాలు, కలిగినింట పుట్టింది. 1991లో భర్తతో కలిసి డాఫ్నే ఫౌండేషన్ పెట్టి న్యూయార్క్‌లోని చిన్న చిన్న సంస్థలకు సాయం చేస్తూ వచ్చింది. సినిమాల్లోకి దిగింది నలభై దాటాకే. 2006లో లైబీరియా వెళ్ళినప్పుడు, అక్కడి ఆడవాళ్ళు అంతర్యుద్ధాన్ని ఎలా ఆపించారో విన్నది. తెల్ల టీషర్టులు వేసుకుని, తలగుడ్డలు చుట్టుకుని, మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర, అధ్యక్షుడు ఛార్లెస్ టేలర్ కారు పోయే దారి పక్కనే ఎండనక వాననక కూర్చున్నారు. క్రైస్తవులూ ముస్లిములూ కలిసే. 2003లో అక్రాలో శాంతి చర్చలు తేలకపోతే, హాలు గుమ్మాలకు అడ్డంగా చేతులు కలుపుకుని బైఠాయించారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది.

ఇంత జరిగినా, సినిమా తీద్దామని ఆవిడా, దర్శకురాలు జీనీ రెటికరూ వెతికితే ఆ ఆడవాళ్ళ దృశ్యాలు దొరకడమే గగనమైంది. తుపాకులు పట్టిన పిల్లల్ని కెమెరాలు ఎడాపెడా తీశాయి. రోడ్డు పక్కన కూర్చున్న తల్లుల్ని పట్టించుకున్నవి తక్కువ. దొరికిన ముక్కలు కూర్చి 2008లో ‘ప్రే ద డెవిల్ బ్యాక్ టు హెల్’ తెచ్చారు. ఆ ఉద్యమాన్ని నడిపిన లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అందుకే చెబుతున్నాను, నువ్వు తీయాలనుకుంటున్న పత్తి కూలీల దగ్గరికి ఏ గొడవా లేని రోజునే వెళ్ళు. సాయంత్రం మూటలు కాటా వేసేటప్పుడు ముల్లు వైపు వాళ్ళు చూసే చూపు తియ్యి. తీసినదానికల్లా ఊరు, తేదీ రాసి రెండు చోట్ల దాచు. ఆవిడకి తాతల ఆస్తి ఉంది, నీకున్నది జీతమే. ఏడాది ఇల్లు గడిచే డబ్బు చేతిలో పడేదాకా రాజీనామా ఇవ్వకు.

2022లో ఆవిడ, కాథ్లీన్ హ్యూస్‌తో కలిసి, తన ఇంటిపేరున్న కంపెనీ మీదే సినిమా తీసింది. అనహైమ్ డిస్నీలాండ్ పనివాళ్ళ చాలీచాలని జీతాల కథ అది. ఆవిడ చేసిన దానాలన్నిటికన్నా నాకు ఇదే గొప్పగా తోస్తుంది. ఆదోనిలో మీ తాతయ్యకి పత్తి మండీ ఉండేదని నీకు తెలుసుగా. నీ సినిమాలో ఆ మండీ కూడా ఉండాలి. మీ అమ్మ నొచ్చుకుంటే నేను నచ్చజెప్తాను. అప్పటి చిట్టా ఆవర్జాలు నా పెట్టెలోనే ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్ళు.

నీ పెద్దమ్మ