గుండె మాత్ర: ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతులు



గుండెపోటు వచ్చినవారికి, గుండె దడ, గుండె బలహీనత ఉన్నవారికి డాక్టరుగారు అటెనొలాల్, మెటొప్రొలాల్, కార్వెడిలాల్ వంటి మాత్రలు రాస్తారు. వీటిని బీటా బ్లాకర్లు అంటారు. ఈ రకంలో పేరుపొందిన ప్రొప్రనొలాల్‌ను 1960లలో కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఈ మందులు గుండె వేగాన్ని తగ్గించి, దానిపై భారం తగ్గిస్తాయి.

ఏళ్ల తరబడి వాడేవారిలో కనిపించే ఇబ్బందులు:

1. నీరసం, చేతులు కాళ్లు చల్లబడటం, నిద్రలో కలతపెట్టే కలలు.
2. లేచి నిలబడగానే కళ్లు తిరగడం. మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే ఇది ఎక్కువవుతుంది. మంచం మీద కాసేపు కూర్చుని, తర్వాత నిలబడమనండి.
3. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం, పిల్లికూతలు.
4. మగవారిలో దాంపత్య సంబంధమైన బలహీనత. సిగ్గుపడి ఊరికే మాత్ర మానేస్తారు. డాక్టరుగారికి చెప్తే వేరే మందు ఆలోచిస్తారు.
5. షుగరు మందులు వాడేవారికి షుగరు బాగా పడిపోయినా దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే వెంటనే షుగరు పరీక్షించండి. పరీక్షించే వీలు లేకపోతే, మింగగలిగితే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇబ్బంది ఉన్నదని మాత్ర మీరే ఆపవద్దు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇన్నాళ్లూ మందు అదుపులో ఉంచిన గుండె, ఒక్కసారిగా మానేస్తే కె.సి. కాలువ తూము ఎత్తినట్లు ఉరకలెత్తుతుంది. కొద్ది రోజుల్లోనే ఛాతీ నొప్పి, గుండెపోటు రావచ్చు. ఆపవలసి వస్తే డాక్టరుగారే మోతాదును మెల్లగా తగ్గిస్తారు.

ఆదోని, కోసిగి వైపు నుండి మిరప కోతలకు గుంటూరు వలస వెళ్లేవారు ఉన్నన్నాళ్లకూ సరిపడా మాత్రలు, మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. ఊళ్లో మిగిలే పెద్దలకు కూడా ముందే కొని ఉంచండి.

వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మణికట్టులో బొటనవేలి వైపు రెండు వేళ్లు ఉంచి నిండు నిమిషం నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. 50కన్నా తగ్గితే, కొత్తగా పాదాలు వాచినా, తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుగారిని అడగండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం, వాడుతున్న మందులన్నీ తీసుకురండి.