రెండు పలకల పడవ

పడవ కట్టుట సామాన్యమైన విద్య కాదు. మంచి కలపను ఎన్నుకొని, దుంగలను పలకలుగా కోసి, వానిని సెగచూపి వంచి, ఒకదాని ప్రక్క నొకటి పొందుపరచి, సందులలో నార దట్టించి, నీరు చొరకుండ మూయవలెను. సముద్రతీరము గల దేశములన్నింటను ఈ విద్య తండ్రినుండి కుమారునకు సంక్రమించుచు వచ్చినది. గోదావరి సముద్రమున కలియుచోట నున్న కోరంగి, తాళ్లరేవు ప్రాంతములందలి వడ్రంగులు పూర్వము ఓడలు కట్టుటలో పేరు గాంచిరి. అట్టి నేర్పు ఏండ్లతరబడి అభ్యాసము చేసిననే గాని అలవడదు.

ఇట్లుండగా, పండ్రెండేండ్ల బాలుడు తన ఇంటి పెరటిలో, తండ్రి తోడ్పాటుతో, తానెక్కి తిరుగగల తెరచాప పడవను నిర్మించుకొన గలడా? ఈ ప్రశ్నకు 1947వ సంవత్సరమున ఒక చిన్న పట్టణమువారు సమాధానము చెప్పిరి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫ్లోరిడా అను రాష్ట్రము కలదు. దానికి పడమటి వైపున మెక్సికో సింధుశాఖ. ఆ తీరమున నున్న పట్టణమే క్లియర్‌వాటర్. ఆ దినములలో అమెరికా బాలురకు ఒక వేడుక యుండెడిది. పాత పెట్టెల చెక్కలతో చిన్న బండ్లు చేసికొని, యంత్రము లేకుండ, పల్లపు దారిని పందెముగా దొర్లించెడివారు. క్లియర్‌వాటర్ నివాసియైన క్లిఫర్డ్ మెక్కే అను నాతడు ఈ వేడుకను గూర్చి ఆలోచించెను. ఎంత శ్రమపడి చేసినను ఆ బండి పందెపు దినమున ఒక్కసారి పరుగెత్తి, పిదప మూలబడును. సముద్రము ఇంటి ముంగిట నుండగా, బండికి మారుగా పడవను చేసికొన్నచో బాలుడు దానిని ప్రతిదినమును నడుపుకొనవచ్చును గదా అని అతనికి తోచెను. ఈ మాటను అతడు ఆ ఊరి ఆప్టిమిస్టు క్లబ్బు అను సేవాసంఘము ముందుంచెను. ఆప్టిమిస్టు అనగా ఆశావాది అని అర్థము.

పడవను రూపొందించు పని క్లార్క్ మిల్స్ అను స్థానిక శిల్పికి వచ్చినది. అతడు పడవలు కట్టి జీవించువాడు. అతనికి విధింపబడిన నియమములు కఠినమైనవి. పడవకగు వ్యయము ఏబది డాలర్లకు మించరాదు. సామాన్యమైన పనిముట్లతో ఇంటియందే చేయుటకు వీలు కావలెను. బాలుడొక్కడే నడుపుకొనుటకు తగినట్లుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది అపాయకరము కారాదు.

మిల్స్ ఎన్నుకొన్న వస్తువు ప్లైవుడ్డు. పలుచని కొయ్యపొరలను ఒకదానిపై నొకటి అంటించి చేసిన పలకకు ఆ పేరు. మామూలు పలక తన నార వెంబడి సులభముగా చీలును. తడిసినపుడు అడ్డముగా ఉబ్బును. ప్లైవుడ్డులో ఒక పొర నార నిలువుగా నున్నచో, తరువాతి పొర నార అడ్డముగా నుండును. అందువలన ఒక పొర బలహీనతను వేరొక పొర కప్పును. కాని ఈ పొరలను సరేసు వంటి జిగురుతో అంటించినంత కాలము ఆ పలక నీటికి పనికిరాలేదు. తడి తగిలిన సరేసు కరగి, పొరలు ఊడిపోవును. 1930 తరువాత నీటికి చెడని కృత్రిమ జిగురులు వాడుకలోనికి వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధములో విమానములను, పడవలను సైతము ప్లైవుడ్డుతో నిర్మించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అట్టి పలకలు సామాన్యులకును అందినవి.

ఆ పలక వెడల్పు నాలుగడుగులు, పొడవు ఎనిమిదడుగులు. అట్టివి రెండింటితో పడవ పూర్తి కావలెను. ఇక్కడ మిల్స్‌కు ఒక చిక్కు వచ్చినది. పడవ ముందుభాగమును కొనదేర్చవలెనన్నచో పొడవు చాలదు. పలకకు పలకను అతుకుట బాలురకు కష్టమైన పని. కావున అతడు పడవ ముక్కును కొన లేకుండ మొద్దుగా కోసివేసి, ఆ చోట ఒక అడ్డుపలకను నిలిపెను. ఇట్టి మొద్దుముక్కు పడవలు కొన్ని దేశములలో పూర్వమునుండియు గలవు. చూచుటకు అది కుడితితొట్టివలె నుండునే గాని, ఆ రూపమువలన ఒక మేలు కలిగెను. ముందుభాగము కూడ వెడల్పుగా నుండుటచే లోపల చోటు పెరిగెను. పడవ నీటిపై స్థిరముగా నిలిచెను.

ప్లైవుడ్డునకు మరియొక స్వభావము గలదు. కాగితమును గొట్టముగా చుట్టవచ్చును. కాని దానిని బంతికి అంటింపబోయినచో ముడుతలు పడును. ప్లైవుడ్డు కూడ అంతే. ఒక దిక్కునకు వంగును, ఒకేసారి రెండు దిక్కులకు వంగదు. మిల్స్ తన పడవ యందలి ప్రతి పలకయు ఒక దిక్కునకు మాత్రమే వంగునట్లు రూపమును కల్పించెను. ఆవిరి అక్కరలేదు, సెగ అక్కరలేదు. మరలు బిగించినచో చాలును, పలక తనంతట వంగి చోటు చేరును.

ఇట్టి పడవను చేయు క్రమము తెలిసికొనదగినది. మొదట పటములోని కొలతలను పలకపై గీయవలెను. రెండు ప్రక్కలను వేరువేరుగా గాక, ఒకదానిపై నొకటి యుంచి, జంటగా కోసి, జంటగా చిత్రిక పట్టుట మంచిది. ఏలయన, ఒక ప్రక్క రెండవదానికంటె పెద్దదైనచో పడవ వంకర తిరుగును; అట్టి పడవ తిన్నగా నడువదు. పిదప ముందు అడ్డుపలకను, వెనుక అడ్డుపలకను, నడిమి చట్రమును నిలిపి, ప్రక్కలను వానికి జిగురుతోను మరలతోను బిగింతురు. ప్రక్కపలకల క్రింది అంచుల వెంబడి సన్నని కొయ్యబద్దలను అమర్తురు. అడుగుపలక ఆనునది ఈ బద్దల మీదనే. కావున అది సందు లేకుండ కూర్చుండునట్లు బద్దలను ఏటవాలుగా చిత్రిక పట్టవలెను. పనిలో ఓర్పునకు పరీక్ష ఇచ్చటనే. ఒక తిన్నని కర్రను ఈ బద్దనుండి ఆ బద్దకు అడ్డముగా ఉంచి, వెలుతురు కనబడుచున్నదా యని మాటిమాటికి చూడవలెను. వెలుతురు దూరిన సందున నీరును దూరును.

అడుగుపలకను అంటించిన పిమ్మట పడవను వెల్లకిల త్రిప్పి, పై అంచులకు గట్టిబద్దలు వేయుదురు. మేకులు, మరలు ఇత్తడివో కంచువో కావలెను. ఇనుము నీటిలో త్రుప్పుపట్టి, చుట్టునున్న కొయ్యను కూడ పాడుచేయును. కోసిన పలక అంచులలో పొరల కొసలు బయటపడి యుండును. నీటిని పీల్చునవి అవియే. వానికి ముందుగా జిగురో రంగో పట్టించి మూయవలెను. చివర ఉప్పుకాగితముతో నునుపుచేసి, రంగు వేసి, ఆరిన పిదప మరల రుద్ది, మరల రంగు వేయవలెను.

తెరచాప పడవకు పడవ అడుగునుండి నీటిలోనికి దిగు ఒక నిలువుపలక యుండవలెను. గాలి ప్రక్కనుండి వీచునపుడు పడవ ప్రక్కకు కొట్టుకొనిపోవును. ఈ నిలువుపలక నీటికి అడ్డుపడి ఆ జారుటను ఆపును. అపుడు గాలి తోపు పడవను ముందునకు నడుపును. ఒడ్డు చేరినపుడు ఆ పలకను పైకి లాగివేయవలెను గనుక, దానికొరకు పడవ నట్టనడుమ అడుగున ఒక చీలిక కోసి, దానిచుట్టు ఇరుకైన పెట్టె నిలుపుదురు. అనగా, నీరు రాకుండుటకై ఇంత శ్రమపడి కట్టిన పడవ అడుగునకే చేతులార ఒక కన్నము పెట్టవలసివచ్చును! ఆ పెట్టె యొక్క అతుకులలో జిగురు ఏ కొంచెము తక్కువైనను పడవలో నీరు నిండును. బల్లను చేయువాడు లోపలి వైపున పని చెడినను, పైకి మెరుగుపెట్టి కప్పిపుచ్చవచ్చును. పడవ విషయమున అది సాగదు. వడ్రంగి మరచిన సందును నీరు మరువదు. పైగా, చేసినవాడే దానిలో కూర్చుండవలెను.

ఆప్టిమిస్టు పడవ పొడవు ఏడడుగుల తొమ్మిది అంగుళములు, అనగా ఇంచుమించు 2.36 మీటర్లు. దాని తెరచాప వైశాల్యము ఇంచుమించు 35 చదరపు అడుగులు. స్తంభము పొట్టిది, దానినుండి తెరచాప పైమూలకు ఏటవాలుగా పోవు సన్నని కర్ర ఒకటి చాపను నిలిపియుంచును. కర్రలేవియు పడవ పొడవును మించవు. కావున అన్నింటిని విప్పి పడవలోనే పెట్టుకొని ఇంటికి కొనిపోవచ్చును. నేటి పందెములలో వాడు పడవ బరువు 35 కిలోగ్రాములకు తగ్గరాదని నియమము. 45 కిలోగ్రాముల బాలుడు ఎక్కినచో మొత్తము 80 కిలోగ్రాములు. ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము ఆ పడవ 80 లీటర్ల మంచినీటిని తొలగించినంతనే తేలును. బోల్తాపడినను మునుగకుండుటకై లోపల గాలితిత్తులు కట్టియుంతురు. ఐనను ఈత నేర్వనిదే, తేలుకోటు తొడుగనిదే, గట్టున పెద్దలు లేనిదే ఎవరును పడవ నెక్కరాదు.

పడవ నెక్కిన బాలుడు నేర్చు మొదటి పాఠము గాలిని గూర్చినది. ఏ తెరచాప పడవయు గాలికి సూటిగా ఎదురు పోజాలదు. గాలి వచ్చు దిక్కున నున్న గట్టును చేరవలెనన్నచో, కొంతదూరము కుడివైపునకు ఏటవాలుగా పోయి, మరల ఎడమవైపునకు మరలి, ఈ విధముగా వంకరదారిని సాగవలెను. చుక్కాని ఒక చేత, తెరచాప త్రాడు ఒక చేత. ఆజ్ఞ ఇచ్చువాడును, దానిని నెరవేర్చువాడును అతడే.

మిల్స్ చేసిన మొదటి పడవ అదే 1947లో నీటిపై తేలెను. క్లియర్‌వాటరు వర్తకులు బాలుర పడవలకు ధనసహాయము చేసిరి. మిల్స్ తన పడవ పటమును సంఘమునకే ఇచ్చివేసెను. 1954లో ఆక్సెల్ డామ్‌గార్డ్ అను డెన్మార్కు దేశీయుడు ఈ పడవను తన దేశమునకు పరిచయము చేసెను. అచటనుండి అది ఐరోపా అంతట వ్యాపించెను. 1962లో బ్రిటనులో మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. నేడు నూటికి పైగా దేశములలో పదునైదేండ్ల లోపు బాలబాలికలు ఈ పడవపైననే తెరచాప విద్య నభ్యసించుచున్నారు. ఒలింపిక్ క్రీడలలో తెరచాప పడవలు నడిపినవారిలో పలువురు మొదట ఈ చిన్నపడవలో చుక్కాని పట్టినవారే. హైదరాబాదు నగరమున, 16వ శతాబ్దములో కుతుబ్‌షాహీల కాలమున త్రవ్వబడిన హుస్సేన్ సాగరమునందు కూడ బాలబాలికలు ఆప్టిమిస్టు పడవలను నడుపుచున్నారు, పందెములలో పాల్గొనుచున్నారు. నేడు పందెపు పడవలలో అధికభాగము గాజునారతో కర్మాగారములలో చేయబడుచున్నవి. ఐనను కొయ్యతో చేయు పద్ధతి పూర్తిగా నశింపలేదు.

తెరచాప పడవల క్రీడ చిరకాలము ధనవంతుల వినోదముగా నుండెను. దానిని సామాన్యుల బిడ్డలకు అందించుటలో, మిల్స్‌కు విధింపబడిన నియమములే తోడ్పడినవి. పలక మరికొంత పొడవైనదైనచో పడవకు సొగసైన ముక్కు వచ్చియుండును. వ్యయపు హద్దు లేకున్నచో మేలురకపు కలప వచ్చియుండును. కాని అట్టి పడవ అన్ని ఇండ్ల పెరళ్లలో పుట్టియుండెడిది కాదు. క్లార్క్ మిల్స్ 2001లో మరణించెను. అతడు పెద్ద పడవలను అనేకము నిర్మించెను గాని, లోకము అతనిని స్మరించుచున్నది రెండు పలకలతో, మొద్దుముక్కుతో చేసిన ఈ పిల్లల పడవ వలననే.