శకున విచారము

పాశ్చాత్యులు 13వ సంఖ్య అశుభమని వెఱతురు. మన పంచాంగమునందు త్రయోదశి కార్యసిద్ధికి ప్రశస్తము. జపానీయులు మృత్యువను మాటతో ధ్వనిసామ్యము గలదని 4ను వర్జింతురు. మనవారు విఘ్ననివారణమునకు చవితినాడే పూజ సల్పుదురు. శుభాశుభములు సంఖ్యలయందే యున్నచో దేశమునుబట్టి మాఱునా?

సంఖ్యకు భయపడుటవలన నష్టము స్వల్పము. మనుష్యునే శకునముగా నెంచుట మహాపరాధము. నల్లగొండ, పాలమూరు సీమలలో వితంతువెదురైన ప్రయాణము మానుకొనువారు గలరు. ఆ పాలమూరు పల్లెలలోనే బాలికలను దేవత కర్పించి జోగినులను జేసిరి. వారికి వైధవ్యము లేదు గావున శుభప్రదలని యుత్సవములయందు ముందు నడిపించి, వారి మానమును గ్రామములోని బలవంతుల పాలు చేసిరి. ఒకతె అశుభమట, ఒకతె శుభమట. ఇరువురికిని దక్కినది దుఃఖమే.

ఆంగ్లేయ పాలిత ప్రాంతములలో 1856లో వితంతు వివాహమునకు చట్టసమ్మతి కలిగెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తాము తలపెట్టిన తొలి వితంతు వివాహమును జరిపించిరి. 1988లో జోగినులుగా నర్పించుటను శాసనము నిషేధించెను. అయినను శాసనము మన మనస్సులోని భయమును తీయజాలదు. ఆ పని మనదే. కావున సోదరులారా, మన యింట జరుగు తదుపరి వివాహమున తొలి యక్షతలను వితంతువగు తల్లి చేతనే వేయింతము. సర్వజనులకు తండ్రియగు పరమేశ్వరుని సన్నిధిని అశుభమగు ముఖమేదియు లేదని మన బిడ్డలు దానివలన నేర్తురు.