కోసిన చెరకు ఆగదు

చెరకు కోయగానే ఫ్యాక్టరీకి ఎందుకు పంపాలి? ఎండి బరువు తగ్గుతుందని ఒక్కటే కాదు ఫ్రెండ్స్, లోపల కెమిస్ట్రీ కూడా మారుతుంది. చెరకులోని తీపి ఎక్కువగా సుక్రోజ్. కోశాక ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ దానికి నీటిని చేర్చి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. అవీ తియ్యగానే ఉంటాయి. కానీ ఫ్యాక్టరీలో చక్కెర పలుకులు కట్టేది సుక్రోజే, మిగతావి మొలాసిస్‌లోకి పోతాయి.

రేటుకీ దీనితో లింక్ ఉంది. 2025-26 సీజన్‌కి కేంద్రం పెట్టిన ధర క్వింటాల్‌కి 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి, అంటే 100 కిలోల చెరకుకి 10.25 కిలోల చక్కెర. ఫ్యాక్టరీ రికవరీ తగ్గితే, 9.5 శాతం దాకా ధర కూడా తగ్గుతుంది.

మన నవీపేట్ పక్కనే ఉన్న బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ దూరమైతే పెరిగేది లారీ కిరాయి ఒక్కటే కాదు, ఎంజైమ్‌కి దొరికే టైమ్ కూడా.